పిల్లి మోచేయి కాని పేరు: అరుదైన జర్మన్ యూదు ఇంటిపేరు మూలాన్ని వెతికే పద్ధతి

జర్మన్ నిఘంటువులో ‘కాట్సె’ అంటే పిల్లి, ‘ఎలెన్‌బోగెన్’ అంటే మోచేయి. అందువల్ల ‘కాట్సెనెలెన్‌బోగెన్’ అనే ఇంటిపేరు ఎదురైనవారిలో చాలామంది దాన్ని ‘పిల్లి మోచేయి’ అని అనువదించుకొని, ఇంత విచిత్రమైన పేరు ఒక కుటుంబానికి ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపడి, ఆ ఆశ్చర్యానికి సరిపోయే కథ ఒకటి అల్లుకుంటారు. అన్వేషణ దారి తప్పేది అక్కడే. లాన్ నదికి దక్షిణాన, రైన్ నదికి తూర్పున ఉన్న కొండసీమలో కాట్సెనెల్న్‌బోగెన్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ ఊరి నుంచి, లేదా ఆ ఊరి పేరు మోసిన సంస్థానం నుంచి, వేరే చోటికి వెళ్లి స్థిరపడిన ఒక యూదు కుటుంబాన్ని కొత్త చోటి జనం ఆ ఊరి పేరుతో పిలిచారు. ఇంటిపేరుగా దాని అర్థం అంతే.

తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. కందుకూరులో ఉన్నంతకాలం ఎవరినీ కందుకూరివారు అనరు; ఊరు విడిచి రాజమహేంద్రవరమో మరొకచోటో చేరిన తరువాతే ఆ పేరు అంటుకుంటుంది. ఊరి పేరు చివర మారి ‘కందుకూరి’ అయినట్లే, జర్మన్‌లో వెర్ట్‌హైమ్ ఊరివాడు ‘వెర్ట్‌హైమర్’, ఫాయ్‌ష్ట్‌వాంగెన్ ఊరివాడు ‘ఫాయ్‌ష్ట్‌వాంగర్’ అవుతారు. కొన్ని పేర్లలో ఆ మార్పు కూడా ఉండదు. మన గురజాడ, తాళ్లపాక ఉన్నట్లే అక్కడ వార్‌బుర్గ్, బాఖరాఖ్, కాట్సెనెలెన్‌బోగెన్ ఉన్నాయి.

ఈ మార్గదర్శి ఒక అరుదైన జర్మన్ యూదు ఇంటిపేరును చేతిలో పెట్టుకొని, దాని మూలాన్ని పద్ధతి ప్రకారం తేల్చాలనుకునేవారి కోసం. చదువుకో ఉద్యోగానికో జర్మనీ వెళ్లిన తెలుగువారు నాజీ హింసకు గురైనవారి స్మృతిగా ఇంటి ముంగిట కాలిబాటలో పొదిగిన ఇత్తడి రాయి మీద ఇలాంటి పేరు చదివి ఆగిపోయిన సందర్భాలు ఉండవచ్చు. పద్ధతి అంతటికీ కాట్సెనెలెన్‌బోగెన్ పేరునే ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే ఈ రంగంలో కొత్తవారు చేసే పొరపాట్లన్నీ ఆ ఒక్క పేరు చుట్టూ కనిపిస్తాయి. నేను పట్టుబట్టే నియమం ఒక్కటే: పేరుకు అర్థం ఏమిటనే ప్రశ్నను అన్నిటికంటే చివర అడగాలి. ఆ పేరుతో ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ పిలవడం మొదలైందో ముందు తేలాలి.

మొదటి మెట్టు: పేరును ముక్కలు చేయకుండా, అన్ని రూపాల్లో రాసుకోవడం

మీకు పేరు ఎక్కడ కనిపించిందో అక్కడ ఉన్న అక్షరక్రమాన్ని ఉన్నదున్నట్లు నకలు చేసుకోండి. సరిదిద్దవద్దు. ఆ పక్కనే తేదీ, ఊరు, రాసిన భాష, రాసినవారి హోదా నమోదు చేయండి. జర్మన్ గుమాస్తా రాసిన పేరుకూ, పోలిష్ పూజారి రాసిన పేరుకూ, హీబ్రూలో సమాధి శిల్పి చెక్కిన పేరుకూ మధ్య తేడాలు తప్పవు. హీబ్రూ లిపిలో అచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి, ఒకే హీబ్రూ రూపం నుంచి నాలుగైదు జర్మన్ రూపాలు పుట్టుకొస్తాయి. మన ఉదాహరణలో పట్టణం పేరు ఈనాడు ‘కాట్సెనెల్న్‌బోగెన్’ అయితే కుటుంబం పేరు ‘కాట్సెనెలెన్‌బోగెన్’. మధ్యలో చేరిన అక్షరాల వల్ల కొందరు ఈ రెంటికీ సంబంధమే లేదనుకున్నారు. మధ్యయుగపు రాతల్లో ఒకే మనిషి పేరును ఒకే దస్తావేజులో రెండు విధాలుగా రాయడం మామూలే గనుక, అక్షరక్రమంలోని చిన్న తేడా ఏ వాదానికీ ఆధారం కాదు.

పేరు పొడవుగా ఉంటే వలస వెళ్లినచోట దాన్ని కత్తిరించుకున్నవారు ఉంటారని గుర్తుంచుకొని ‘ఎలెన్‌బోగెన్’, ‘బోగెన్’ వంటి పొట్టి రూపాలనూ జాబితాలో చేర్చండి. అయితే ఎలెన్‌బోగెన్ అనే పేరు స్వతంత్రంగానూ ఉండగలదు. పొట్టి రూపం దొరికినంత మాత్రాన అది మీ కుటుంబమే అని నిర్ణయించవద్దు.

రెండవ మెట్టు: పేరు ఏ జాతిదో గుర్తించడం

జర్మన్ యూదుల ఇంటిపేర్లు కొన్ని స్పష్టమైన దారుల్లో వచ్చాయి. మీ పేరు ఏ దారిలో వచ్చి ఉండవచ్చో ఊహగా మాత్రమే రాసుకొని, తరువాతి మెట్లలో దాన్ని పరీక్షించాలి.

ఊరి పేర్ల సంగతి పైన చెప్పాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మరో దారి ఉంది. 1462లో ఆ నగరం తన యూదులను యూదెన్‌గాసె అనే ఒక్క ఇరుకు వీధిలోకి తరలించింది. అక్కడ ఇళ్లకు అంకెలు కాక గుర్తులు ఉండేవి. ఎర్ర డాలు, నల్ల డాలు, ఓడ, బాతు వంటి గుర్తుల పేరుతో ఇంటిని, ఇంటి పేరుతో అందులోని మనుషులను పిలిచేవారు. తెలుగులో ‘ఇంటిపేరు’ అనే మాట అక్షరాలా నిజమైన వీధి అది. ఎర్ర డాలు ఇంటి నుంచి రోట్‌షిల్డ్ వచ్చింది. ఆ కుటుంబం తరువాత అదే వీధిలో వేరే ఇంటికి మారినా పాత ఇంటి పేరు వారిని విడవలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ మూలాలున్న పేరు ఏదైనా వస్తువుకో జంతువుకో సంబంధించినదైతే, నిఘంటువు కంటే ముందు ఆ వీధి ఇళ్ల జాబితా చూడాలి.

మూడవ దారి జంట పేర్లది. యూదు పురుషుడికి ప్రార్థనా మందిరంలో పిలిచే హీబ్రూ పేరు ఒకటి, బజారులో పిలిచే జర్మన్ పేరు ఒకటి ఉండేవి. ఆదికాండం 49వ అధ్యాయంలో యాకోబు తన కొడుకులను దీవిస్తూ యూదాను సింహంతో, నఫ్తాలిని లేడితో, బెన్యామీనును తోడేలుతో పోలుస్తాడు. ఆ దీవెనను బట్టి యెహూదా పేరున్నవాడు బయట ‘లోవ్’ అనీ, నఫ్తాలి ‘హిర్ష్’ అనీ, బెన్యామీన్ ‘వోల్ఫ్’ అనీ పిలిపించుకునేవారు. తరువాతి కాలంలో ఇవే ఇంటిపేర్లయ్యాయి. కాబట్టి హిర్ష్ కుటుంబం వేటగాళ్లదీ కాదు, లేళ్లు పెంచినదీ కాదు. ఆ ఇంటి పూర్వీకుడు ఒకరు నఫ్తాలి అయి ఉండే అవకాశం ఎక్కువ.

నాల్గవది పొడి అక్షరాల దారి. ఇక్కడే మన ఉదాహరణకు అసలు ప్రమాదం పొంచి ఉంది. ‘కాట్స్’ అనే ప్రసిద్ధ యూదు ఇంటిపేరు పిల్లికి సంబంధించినది కాదు. ‘కోహెన్ త్సెదెక్’, అంటే ‘ధర్మయాజకుడు’ అనే హీబ్రూ మాటల తొలి అక్షరాల కూర్పు. అలాగే లేవీయుల వంశానికి ‘సెగల్’ ఉంది. ఈ సంగతి తెలిసినవారు కొందరు కాట్సెనెలెన్‌బోగెన్‌లోని మొదటి భాగాన్ని కూడా అలాగే విడగొట్టి, ఇది యాజక వంశమని తేల్చేస్తారు. సగం తెలిసిన విద్య ఏమీ తెలియకపోవడం కంటే ఎక్కువ దూరం దారి తప్పిస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. ఊరి పేరు మొత్తంగా ఒకే ముక్క. దాని మొదటి సగంలో హీబ్రూను వెతకడం, తాడేపల్లిలో తాటి నారను వెతకడం వంటిది. ఒక కుటుంబం నిజంగా యాజక వంశమా కాదా అని తెలుసుకునే పరీక్ష వేరే ఉంది. దాన్ని సమాధుల దగ్గర చెబుతాను.

మూడవ మెట్టు: పేరు ఎప్పటిదో తేల్చడం

జర్మన్ యూదుల్లో అధికభాగానికి 18వ శతాబ్దం చివరివరకూ స్థిరమైన ఇంటిపేరు లేదు. యాకోబు కొడుకు మోషె, మోషె కొడుకు ఇస్సాకు అన్నట్లు తండ్రి పేరే తరువాతి పేరు. రాజ్యాలు పన్నులకూ సైన్యానికీ కోర్టులకూ అనువుగా ఉండేందుకు స్థిరమైన పేర్లు పెట్టుకోవాలని ఒకటి తరువాత ఒకటి ఉత్తర్వులు తెచ్చాయి. ఈ వరుస కంఠస్థం చేయదగినది. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ యోసెఫ్ 1787 జూలై 23న ఇచ్చిన ఉత్తర్వు 1788 జనవరి 1 నుంచి అమలైంది. నెపోలియన్ 1808 జూలై 20న ఇచ్చిన ఉత్తర్వు ఫ్రాన్సుకూ, అప్పుడు ఫ్రాన్సులో కలిసి ఉన్న రైన్ ఎడమ తీరానికీ వర్తించింది. బాడెన్‌లో 1809, ప్రష్యాలో 1812, బవేరియాలో 1813, వుర్టెంబెర్గ్‌లో 1828, సాక్సనీలో 1834.

ఈ తేదీలను మీ పేరు పక్కన పెట్టి ఒకటే ప్రశ్న అడగండి: నా పేరు ఆ ప్రాంతపు ఉత్తర్వుకు ముందే ఉందా, తరువాత పుట్టిందా? జవాబు ‘తరువాత’ అయితే, ఆ పేరు కుటుంబం ఎంచుకున్నదో అధికారి ముందు పెట్టినదో కావచ్చు. అప్పుడు పేరు స్వీకరించిన రోజు తయారైన జాబితాయే ముఖ్యమైన పత్రం. అందులో పాత పేరూ కొత్త పేరూ పక్కపక్కనే ఉంటాయి. బవేరియాలో 1813 శాసనం కింద ఏర్పడిన ‘మాట్రికెల్’ జాబితాలు ఇందుకు ఎంతో ఉపయోగపడతాయి. అయితే అదే జాబితా ఒక్కో ఊళ్లో ఎన్ని యూదు కుటుంబాలు ఉండవచ్చో కూడా బిగించింది. పెద్ద కొడుకుకు తప్ప మిగతావారికి పెళ్లి చేసుకొని ఊళ్లో ఉండే హక్కు దొరకడం కష్టమై, ఎందరో యువకులు అమెరికా ఓడ ఎక్కారు. మనకు ఈ రోజు చేతికందే చక్కని ఆధారం వారికి ఆ రోజు సంకెల అన్న సంగతి, ఆ పుటలు తిప్పేటప్పుడు మనసులో ఉండాలి.

నెపోలియన్ ఉత్తర్వులోని ఒక వివరం ఊరి పేర్లు వెతికేవారికి ప్రత్యేకంగా పనికివస్తుంది. పాత నిబంధనలోని పేర్లను గాని, పట్టణాల పేర్లను గాని కొత్తగా ఇంటిపేరుగా తీసుకోరాదని అందులో ఉంది; అయితే అప్పటికే ఆ పేరుతో ప్రసిద్ధులై, ఎప్పటినుంచో దాన్నే వాడుతున్నవారు దాన్ని ఉంచుకోవచ్చు. కాబట్టి 1808 తరువాత మైన్జ్, వోర్మ్స్, ట్రియర్ ప్రాంతాల పుస్తకాల్లో ఒక యూదు కుటుంబం పట్టణం పేరుతో కనిపిస్తే, ఆ పేరు ఉత్తర్వుకు ముందునుంచే ఉందనడానికి అది బలమైన సూచన.

కాట్సెనెలెన్‌బోగెన్ పేరు ఈ ఉత్తర్వులన్నిటికంటే చాలా పాతది. ఆ పేరుతో ప్రసిద్ధుడైన మొదటి వ్యక్తి, ఇటలీలోని పదువా నగరంలో రబ్బీగా, అంటే యూదు మతగురువుగా ఉండిన మెయిర్, 1565లో కన్నుమూశాడు. అంటే ఆస్ట్రియా ఉత్తర్వుకు 222 ఏళ్ల ముందే పేరు నిలబడి ఉంది. లంచం ఇవ్వని యూదులకు అధికారులు వెక్కిరింతగా ఇలాంటి పేర్లు అంటగట్టారని చెప్పే కథ చాలా ప్రచారంలో ఉంది. ఈ పేరు విషయంలో ఆ కథను కొట్టివేయడానికి ఒక్క తేదీ చాలు.

నాల్గవ మెట్టు: ఊరిని, ఊరి చరిత్రను పట్టుకోవడం

పటంలో ఊరి పేరు దొరకగానే పని అయిపోయిందనుకోవద్దు. జర్మనీలో ఒకే పేరున్న ఊళ్లు అనేకం. ఆవర్‌బాఖ్ వంటి పేరుకు ఏ ఆవర్‌బాఖ్ అన్నదే పెద్ద ప్రశ్న. కాట్సెనెల్న్‌బోగెన్‌కు ఆ చిక్కు లేదు గాని వేరే చిక్కు ఉంది. ఆ పేరు పట్టణానికే కాక ఒక సంస్థానానికీ ఉంది. 11వ శతాబ్దం చివర అక్కడ కోట కట్టుకున్న ప్రభువులు క్రమంగా రైన్ నది సుంకాల మీద ధనవంతులై, రైన్ ఒడ్డునున్న సంక్ట్ గోవార్ పట్టణం పైన 1245లో రైన్‌ఫెల్స్ కోట కట్టి, దూరాన డార్మ్‌స్టాట్ వరకు భూములు సంపాదించారు. లాన్, రైన్ వైపు ఉన్నది దిగువ సంస్థానం, డార్మ్‌స్టాట్ వైపు ఉన్నది ఎగువ సంస్థానం. అందువల్ల ‘కాట్సెనెలెన్‌బోగెన్ నుంచి వచ్చినవాడు’ అన్నప్పుడు ఆ చిన్న పట్టణం నుంచి అని గాని, సంస్థానంలో ఏదో ఊరి నుంచి అని గాని అర్థం చేసుకోవచ్చు. మెయిర్ ఆ పట్టణంలోనే పుట్టాడని సంప్రదాయం చెబుతుంది. కాని సొంత పరిశోధన చేసేవారు ఈ రెండో అవకాశాన్ని కొట్టివేయకుండా నమోదు చేసుకోవాలి.

1479లో ఆ ప్రభువుల మగ సంతతి అంతరించి భూములు హెస్సె పాలకులకు వెళ్లాయి. 19వ శతాబ్దంలో పట్టణం నస్సావు రాజ్యంలో ఉండి, 1866లో ప్రష్యాలో కలిసింది. ఈ రోజు రైన్‌లాండ్-పలాటినేట్ రాష్ట్రంలో ఉంది. ఈ వరుసను ఎందుకు రాసుకోవాలంటే, రికార్డులు ఊరి వెంట ఉండవు, పాలకుల వెంట వెళతాయి. నస్సావు ప్రభుత్వపు కాగితాల కోసం పక్క రాష్ట్రంలోని వీస్‌బాడెన్ ఆర్కైవ్స్‌ను అడగాలి. ఇప్పటి రాష్ట్రానికి చెందిన ఆర్కైవ్స్ కోబ్లెంజ్‌లో ఉన్నాయి. రెండు చోట్లా అడగడం మంచిది. ఈ సంస్థానపు లెక్కల పుస్తకాలు ఎంత సూక్ష్మంగా ఉండేవో చెప్పడానికి ఒక్క వివరం చాలు: రీస్లింగ్ ద్రాక్షను పేర్కొన్న తొలి రాత 1435 నాటి వారి ఖర్చుల పట్టీలోనే, రుస్సెల్స్‌హైమ్ తోట కోసం కొన్న తీగల పద్దులో దొరికింది. తీగల కొనుగోలు రాసినవారు యూదుల నుంచి వసూలు చేసిన పన్నునూ రాస్తారు. మధ్యయుగపు యూదుల ఉనికి చాలాచోట్ల మనకు పన్ను పద్దుగానే మిగిలింది.

ఊరు విడిచిన తరువాతే పేరు అంటుకుంటుందన్న మాటకు వార్‌బుర్గ్ కుటుంబం మంచి సాక్ష్యం. 1559లో వెస్ట్‌ఫాలియాలోని వార్‌బుర్గ్‌లో స్థిరపడిన వారి పూర్వీకుడిని ఆ ఊళ్లో ‘కాసెల్ సీమోన్’ అన్నారు, ఎందుకంటే అతను కాసెల్ నుంచి వచ్చాడు. వార్‌బుర్గ్ అనే పేరు నిలిచింది ఆ కుటుంబం హాంబుర్గ్ పక్కనున్న ఆల్టోనాకు వెళ్లిన తరువాత. కాబట్టి మీ పేరున్న ఊళ్లోనే ఆ పేరుతో మనుషులను వెతకడం తరచుగా వృథా ప్రయాస. ఆ ఊరి చుట్టూ, ఒకటి రెండు రోజుల నడక దూరంలో ఉన్న పెద్ద ఊళ్లలో మొదట వెతకండి.

ఐదవ మెట్టు: దగ్గరి కాలం నుంచి వెనక్కు నడవడం

ప్రసిద్ధ పూర్వీకుడి నుంచి కిందికి రావడం కొత్తవారి అలవాటు. అలా చేస్తే కోరుకున్న చోటికే చేరతారు. మీకు తెలిసిన చివరి మనిషి నుంచి ఒక్కో తరం వెనక్కు వెళ్లాలి.

జర్మన్ సామ్రాజ్యమంతటా పౌర రిజిస్టర్లు 1876 జనవరి 1న మొదలయ్యాయి. రైన్ ఎడమ తీరంలో మాత్రం ఫ్రెంచి పాలన వల్ల 1798 నుంచే ఉన్నాయి. ప్రస్తుత చట్టం ప్రకారం జనన పుస్తకాలు 110 ఏళ్లు, వివాహ పుస్తకాలు 80 ఏళ్లు, మరణ పుస్తకాలు 30 ఏళ్లు గడిచిన తరువాత ఆర్కైవ్స్‌కు చేరి, అందరికీ అందుబాటులోకి వస్తాయి. అంతకంటే కొత్తవాటికి మీరు ప్రత్యక్ష సంతతి అని రుజువు చూపాలి. అర్జీలో పేరు అన్ని రూపాలూ, ఊరూ, సంవత్సరాల పరిధీ, మతమూ రాయండి. ‘మా కుటుంబం గురించి ఉన్నదంతా పంపండి’ అని రాసిన ఉత్తరం కంటే, ‘1880 నుంచి 1885 మధ్య ఈ పేరుతో జననం’ అని అడిగిన ఉత్తరానికి జవాబు త్వరగా వస్తుంది.

ఆ పుటల్లో రెండు సంగతులు ఎదురవుతాయి. మొదటిది ‘కుర్రెంట్’ అనే పాత చేతిరాత. అందులో ‘ఎ’, ‘న’ అక్షరాలు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కాట్సెనెలెన్‌బోగెన్ వంటి పేరులో ఆ రెండూ కలిసి ఏడెనిమిది సార్లు వస్తాయి గనుక గీతలు లెక్కపెట్టి చదవవలసి ఉంటుంది. నెల దగ్గర 7 అంకె వేసి ‘బెర్’ అని రాసి ఉంటే అది జూలై కాదు, సెప్టెంబర్. 8 అంకె ఉంటే అక్టోబర్. లాటిన్ అంకెల పేర్ల నుంచి వచ్చిన పొట్టి రాత అది. ఈ ఒక్క పొరపాటు వల్ల రెండు నెలలు తేడా పడిన వంశవృక్షాలు ఎన్నో ఉన్నాయి.

రెండవది పుట అంచున కనిపించే చేర్పు. నాజీ ప్రభుత్వం 1938 ఆగస్టు 17న తెచ్చిన ఉత్తర్వు ప్రకారం, తమ పేరు యూదు పేరుల జాబితాలో లేని యూదు పురుషులందరూ ‘ఇస్రాయెల్’ అనీ, స్త్రీలందరూ ‘సారా’ అనీ రెండో పేరు 1939 జనవరి 1 నుంచి తప్పనిసరిగా చేర్చుకోవాలి. పుట్టిన పుస్తకం అంచున గుమాస్తా దాన్ని రాశాడు. యుద్ధం తరువాత మరో గుమాస్తా దాని కిందనే రద్దు రాశాడు. ఆ పేర్లను కుటుంబం ఇచ్చిన పేర్లుగా మీ పట్టికలో ఎక్కించవద్దు. అవి ముద్ర వేసినట్లు వేసినవి. అయితే వదిలివేయనూ వద్దు. ఆ వ్యక్తి 1939లో బతికి ఉన్నాడనీ, జర్మనీ అధికార పరిధిలో ఉన్నాడనీ చెప్పే సాక్ష్యం ఆ అంచు రాతే కావచ్చు.

1876కు ముందు యూదు సమాజాల సొంత పుస్తకాలు ఆధారం. వీటిలో చాలావాటిని నాజీ వంశపరిశోధన కార్యాలయం స్వాధీనం చేసుకొని యుద్ధం చివర్లో ఫిల్ము తీయించింది. ఆ తరువాత అసలు పుస్తకాల్లో అనేకం కనిపించకుండా పోయాయి. ఎవరు యూదులో తేల్చి హింసించడానికి తీసిన ఆ ఫిల్ములే ఈ రోజు కొన్ని ఊళ్లకు మిగిలిన ఏకైక ఆధారం. వాటిని తీసిన సంస్థ పేరుతో ‘గాటర్‌మాన్ ఫిల్ములు’ అని అంటారు. మీరు వెతికే ఊరికి అవి ఉన్నాయా అని ఆ రాష్ట్రపు ఆర్కైవ్స్‌ను అడగండి.

హత్యకు గురైనవారి వివరాలకు బాడ్ ఆరోల్సెన్‌లోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్, జెరూసలేంలోని యాద్ వాషెం పేర్ల కోశం, జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ స్మారక గ్రంథం మూడింటినీ చూడాలి. ఒకదానిలో లేని ఊరు మరొకదానిలో ఉంటుంది. కుటుంబ ఉత్తరాలు, జ్ఞాపకాలు, వంశపట్టికలు వంటివాటికి 1955లో స్థాపించిన లియో బేక్ ఇన్‌స్టిట్యూట్ న్యూయార్క్ సేకరణ అమూల్యమైనది. కాలిబాటలో పది సెంటీమీటర్ల ఇత్తడి రాయి కనిపిస్తే, అది ఆ మనిషి స్వేచ్ఛగా ఎంచుకొని నివసించిన చివరి ఇంటి ముందు ఉంటుంది కాబట్టి, దాని మీది చిరునామా నగర నివాస పుస్తకాలకు దారి చూపుతుంది.

ఆరవ మెట్టు: సమాధి శిలను చదవడం

యూదు సమాధులు శాశ్వతమైనవన్న నియమం వల్ల జర్మనీలో కొన్ని శ్మశానాలు ఎంతో పాతవి. వోర్మ్స్‌లోనిది 11వ శతాబ్దం నాటిది, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. ఎస్సెన్‌లోని స్టైన్‌హైమ్ సంస్థ వేలాది శిలల పాఠాలను జర్మన్ అనువాదంతో సహా ‘ఎపిడాట్’ అనే కోశంలో ఉంచింది. హీబ్రూ రానివారు కూడా అక్కడ మొదలుపెట్టవచ్చు.

శిల మీద తేదీ హీబ్రూ అక్షరాలతో ఉంటుంది. ప్రతి అక్షరానికీ అంకె విలువ ఉంది. వాటిని కూడితే సంవత్సరం వస్తుంది. ‘చిన్న లెక్క’లో వేల స్థానం వదిలేస్తారు గనుక వచ్చిన సంఖ్యకు 1240 కలపాలి. పదువా రబ్బీ మెయిర్ మరణించిన హీబ్రూ సంవత్సరం చిన్న లెక్కలో 325. దానికి 1240 కలిపితే 1565. హీబ్రూ సంవత్సరం శరదృతువులో మొదలవుతుంది కాబట్టి, ఆ సంవత్సరపు మొదటి నెల తిష్రీ నుంచి డిసెంబరు చివరివరకు పడే తేదీలకు వచ్చిన సంఖ్యలో ఒకటి తగ్గించాలి.

ఇందాక వాయిదా వేసిన పరీక్ష ఇక్కడ. యాజక వంశీకుడి శిల మీద దీవిస్తున్న రెండు చేతులు, లేవీయుడి శిల మీద నీటి కూజా తరచుగా చెక్కుతారు. పాఠంలో ‘కోహెన్’ లేదా ‘లేవీ’ అన్న మాట ఉంటుంది. ఇంటిపేరు ఏమి చెప్పినా, నిర్ణయించేది ఇదే. పదువాలోని పాత యూదు శ్మశానంలో మెయిర్ సమాధి మీద కనిపించేది చేతులు కాదు, ఒక పిల్లి. ఆ బొమ్మ చూసి, పేరు పిల్లి నుంచి వచ్చిందని ఎవరైనా అంటే, సాక్ష్యం ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో వారు గమనించలేదన్నమాట. పేరు వినగానే అందరికీ తోచే బొమ్మను కుటుంబం 16వ శతాబ్దంలోనే తన చిహ్నంగా స్వీకరించిందని ఆ శిల చెబుతుంది. పేరు ఎలా పుట్టిందో అది చెప్పదు. నాకు మాత్రం ఆ పిల్లి చాలా ఇష్టం. రైన్‌లాండ్ కొండల్లోని ఒక ఊరి పేరు ఇటలీ రాతి మీద బొమ్మగా మారి అయిదు వందల ఏళ్లకు దగ్గరవుతోంది.

ఏడవ మెట్టు: అల్లుళ్లు, కూతుళ్లు, మారిన పేర్లు

ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కే వస్తుందన్న నమ్మకంతో యూదు వంశాలను గీయడం కుదరదు. మెయిర్ పదువాలో రబ్బీ పీఠం అధిష్ఠించింది ప్రసిద్ధ మింజ్ కుటుంబపు అల్లుడిగా. పీఠం వచ్చింది గాని పేరు మారలేదు. తరువాతి తరాల్లో దీనికి విరుద్ధంగా, పేరున్న వంశపు అల్లుళ్లో కూతుళ్ల బిడ్డలో ఆ పేరును స్వీకరించడమూ జరిగింది. పెళ్లి ఒప్పందాలు, పుస్తకాల ముఖపత్రాలు, రబ్బీలు ఇచ్చే సమ్మతి పత్రాలు ఇలాంటి బంధుత్వాలను బయటపెడతాయి. మెయిర్ పేరు 1550లో వెనిస్ ముద్రణ చరిత్రలో గట్టిగా వినిపిస్తుంది: మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్ రాసిన ధర్మశాస్త్ర గ్రంథాన్ని ఆయన తన వ్యాఖ్యలతో బ్రగాదిన్ ముద్రణశాలలో వేయిస్తే, పోటీదారుడైన జుస్తినియానీ అదే గ్రంథాన్ని తక్కువ ధరకు వేశాడు. పోలండ్‌లో క్రాకోవ్ రబ్బీ మోషె ఇస్సెర్లెస్ మెయిర్ పక్షాన తీర్పు ఇచ్చాడు. ఇలాంటి వివాదపు కాగితాల్లో బంధుత్వాలూ ఊళ్లూ సందర్భవశాన నమోదవుతాయి.

మెయిర్ మనుమడు సౌల్ పోలండ్ వెళ్లి ఉప్పు గుత్తలు పట్టి గొప్పవాడయ్యాడు. అతన్ని ‘సౌల్ వాల్’ అన్నారు. జర్మన్‌లో ‘వాల్’ అంటే ఎన్నిక. 1587లో పోలండ్ రాజు ఎన్నిక తేలని ఒక రాత్రి అతన్నే రాజుగా కూర్చోబెట్టారని ఐతిహ్యం. 1589లో పోలండ్ రాజు మూడవ సిగిస్‌మండ్ అతనికి రాజసేవకుడి హోదా ఇచ్చినట్లు దస్తావేజు ఉంది, రాజ్యం చేసినట్లు లేదు. ఇటలీ మనుషులను పోలిష్‌లోనూ పాత జర్మన్‌లోనూ ‘వోఖ్’, ‘వాల్’ వంటి మాటలతో పిలిచేవారు గనుక, పదువా నుంచి వచ్చినవాడు అనే అర్థంలోనే ఆ పేరు వచ్చిందన్న వివరణ నాకు సమంజసంగా తోస్తుంది. అంటే జర్మనీ నుంచి ఇటలీ వెళ్లిన తాతకు జర్మన్ ఊరి పేరు, ఇటలీ నుంచి పోలండ్ వచ్చిన మనుమడికి ఇటలీవాడన్న పేరు.

ఆ తరువాత ఈ పేరు జర్మనీకి తిరిగి వచ్చింది. యెహెజ్‌కేల్ కాట్సెనెలెన్‌బోగెన్ 1749లో మరణించేవరకు ఆల్టోనా, హాంబుర్గ్, వాండ్స్‌బెక్ సమాజాలకు రబ్బీ. 20వ శతాబ్దంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1901లో పుట్టిన కళాచరిత్రకారుడు అడోల్ఫ్, పోజెన్ ప్రాంతపు క్రోటోషిన్‌లో 1877లో పుట్టి బెర్లిన్ సారాయి పరిశ్రమలో ఎదిగిన లుడ్‌విగ్ ఇద్దరూ ఆ పేరువారే. అడోల్ఫ్ నిర్బంధ శిబిరం నుంచి బయటపడి అమెరికాలో బోధించాడు. లుడ్‌విగ్ 1941లో గ్రీసులో పట్టుబడి 1944లో బందీగా మరణించాడు. ఒకే పేరు గనుక ఇద్దరూ దగ్గరి బంధువులని రాయవద్దు. ఒక్కొక్కరి శాఖను విడిగా వెనక్కు నడిపించాలి. జన్యు పరీక్షలు కూడా ఇక్కడ జాగ్రత్తగా వాడవలసినవే. శతాబ్దాలపాటు సమాజం లోపలే పెళ్లిళ్లు జరిగినందువల్ల దూరపు బంధువు కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు.

ఎనిమిదవ మెట్టు: ఇప్పుడు అర్థం

ఇక్కడికి చేరాక ‘అర్థం’ అనే మాటను మూడుగా విడగొట్టి రాయాలి. ఇంటిపేరుగా అర్థం: కాట్సెనెల్న్‌బోగెన్ నుంచి వచ్చినవారు, ఇది నిశ్చయం. ఊరి పేరుకు అర్థం: ఇది స్థలనామాల పరిశోధకుల పని. పూర్వపు పండితులు దీన్ని లాటిన్‌లోకి సాగదీసి, ఖత్తీ అనే ప్రాచీన జర్మానిక్ తెగకూ మెలిబోకస్ కొండకూ ముడిపెట్టారు. పాండిత్యం ఉన్నా ఇది జానపద వ్యుత్పత్తి కిందకే వస్తుంది. వినేవారు ఆ పేరులో విన్న అర్థం: పిల్లి మోచేయి, దాని నుంచి పదువా శిల మీది పిల్లి. మూడింటికీ వేర్వేరు కాలాలు, వేర్వేరు సాక్ష్యాలు ఉన్నాయి కాబట్టి ఒకే వాక్యంలో కలపకూడదు.

మీ ఫలితాన్ని కూడా ఇలాగే రాసిపెట్టండి. ప్రతి వాక్యం పక్కన దాని ఆధారం, ఆ ఆధారం మీరు చూసిన తేదీ, అసలు పత్రమా నకలా అన్నది ఉండాలి. ఉదాహరణకు: ‘మెయిర్, పదువా రబ్బీ, మరణం 1565, ఆధారం సమాధి శిల, నిశ్చయం. పుట్టిన ఊరు కాట్సెనెల్న్‌బోగెన్, ఆధారం కుటుంబ సంప్రదాయమూ పేరూ, సంభావ్యం. సంస్థానంలో మరో ఊరు అయ్యే అవకాశం తెరిచి ఉంది. సౌల్ ఒక రాత్రి రాజు, ఆధారం ఐతిహ్యం, దస్తావేజు లేదు.’ చివరి వాక్యాన్ని చెరిపివేయవద్దు. దాని స్థానంలో దాన్ని ఉంచి, పక్కన ‘ఐతిహ్యం’ అని రాయండి.